సంతకంతో ఆగిపోయిన చదువు

వయోజన విద్య పేరిట మన దేశంలో వచ్చిన కార్యక్రమాలకు కొదువ లేదు. 1978 అక్టోబరు 2న జాతీయ వయోజన విద్యా కార్యక్రమం మొదలైంది. 1988 మే 5న జాతీయ సాక్షరతా మిషన్ వచ్చింది. 2009 సెప్టెంబరు 8న సాక్షర భారత్ ఆరంభమై 2018 మార్చి 31తో ముగిసింది. 2022లో నవభారత సాక్షరతా కార్యక్రమం రూపుదిద్దుకొని, ఇప్పుడు ‘ఉల్లాస్’ పేరుతో నడుస్తున్నది. ఇన్ని పేర్లు మారిన తరువాత కూడా మార్టూరు చుట్టుపక్కల ముస్లిం వాడలలో యాభై ఏళ్లు దాటిన ఒక తల్లి చేతికి కాగితం ఇచ్చి చదవమంటే, “సంతకం పెడతాను భాయీ, చదవడం రాదు” అనే మాటే ఎక్కువగా వినవస్తున్నది.

ఈ జవాబును చాలామంది విజయంగా చెప్పుకొంటున్నారు. వేలిముద్ర పోయి సంతకం వచ్చింది గదా అని సంతోషిస్తున్నారు. మేము ఇందులో సంతోషించదగినది చూడటం లేదు. చదవడం నేర్పకుండా సంతకం మాత్రమే నేర్పడం పేదవానికి మేలు చేయకపోగా కీడు చేస్తున్నదని మా నిశ్చితాభిప్రాయం. ప్రభుత్వం గానీ, మన మస్జిద్ కమిటీలు గానీ, సేవాసంఘాలు గానీ వయోజన విద్యకు పూనుకొన్నప్పుడు మొదటి నియమంగా పెట్టుకోవలసినది ఒకటే: చదవలేని కాగితం మీద సంతకం చేయడం ఎవరికీ నేర్పరాదు.

సంతకం వెనుక చట్టం

మాది పత్తి, మిర్చి పండే నేల. పెట్టుబడి పెట్టనిదే పంట లేదు, అప్పు చేయనిదే పెట్టుబడి లేదు. మన వారిలో సొంత పొలం ఉన్నవారు తక్కువ; కౌలుకు చేసేవారు, కూలికి పోయేవారు, చిన్న వ్యాపారం చేసుకొనేవారు ఎక్కువ. బ్యాంకు గడప ఎక్కలేని కౌలు రైతుకు దిక్కు ప్రామిసరీ నోటు. ఆ నోటు మీద మొత్తం, వడ్డీ, తేదీ రాయవలసిన చోట్లు ఖాళీగా వదిలి, రెవెన్యూ స్టాంపు మీద సంతకం మాత్రం చేయించుకొనే అలవాటు ఈ ప్రాంతంలో ఎవరికి తెలియదు?

1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 20వ సెక్షన్ ఏమంటున్నదో మన తల్లులకు, అన్నదమ్ములకు ఎవరైనా చెప్పారా? స్టాంపు అంటించిన కాగితంపై ఖాళీలు వదిలి సంతకం చేసి ఇచ్చినవాడు, ఆ స్టాంపు విలువకు లోబడి ఆ ఖాళీలను నింపుకొనే అధికారాన్ని పుచ్చుకొన్నవానికి ఇచ్చినట్లే చట్టం మొదట భావిస్తుంది. నోటుకు మూడేళ్ల గడువు ఉంటుంది. గడువు తీరకముందే వెనుకవైపు కొంత సొమ్ము చెల్లు రాసి సంతకం చేయిస్తే, ఆ రోజు నుంచి గడువు మళ్లీ కొత్తగా మొదలవుతుంది. తీరిపోయిందనుకొన్న అప్పు తిరిగి లేచి కూర్చుంటుంది. ఇవన్నీ చదవగలిగినవానికి సులభంగా కనిపించే సంగతులు. సంతకం మాత్రమే వచ్చినవానికి అవి గీతలే.

వేలిముద్ర వేసేవానికి చట్టంలో కొంత ఆసరా ఉన్నది. ఘోషా స్త్రీలు చేసిన పత్రాల విషయంలో న్యాయస్థానాలు ఒక రక్షణ కల్పించాయి: పత్రంలోని సంగతి ఆమెకు చదివి వినిపించి, అర్థమయ్యేలా చెప్పారని నిరూపించవలసిన భారం ఆ పత్రంతో లాభం పొందేవారిదే. ఈ రక్షణను నిరక్షరాస్యులకు, అందులోనూ స్త్రీలకు, న్యాయస్థానాలు వర్తింపజేశాయి. మరి సంతకం చేసినవారి సంగతి? సంతకం పెట్టినవారు విషయం తెలిసే పెట్టారనుకోవడం లోకరీతి, న్యాయరీతి. తెలియక పెట్టానని రుజువు చేసుకొనే బాధ్యత సంతకం చేసినవారి మెడకే చుట్టుకొంటుంది. అంటే సంతకం నేర్పి చదువు నేర్పని కార్యక్రమం ఆ తల్లికి ఉన్న కొద్దిపాటి ఆసరాను కూడా తీసివేసి, బదులుగా ఏమీ ఇవ్వలేదు. ప్రభుత్వ కార్యాలయంలో బల్లకు అవతలివైపు ఏళ్ల తరబడి కూర్చున్నవారం గనుక ఈ మాట గట్టిగా చెప్పగలుగుతున్నాము.

ఇది అప్పు పత్రాలతో ఆగదు. నికాహ్‌నామా మీద మన ఆడపిల్ల సంతకం చేస్తుంది. మహర్ ఎంత రాశారో, అది చెల్లించినట్లు రాశారో, బాకీ ఉన్నట్లు రాశారో చదివి చేసేవారు ఎందరు? పొదుపు సంఘం తీర్మానం పుస్తకంలో తల్లి సంతకం ఉంటుంది. ఆ తీర్మానంలో ఏమున్నదో సంఘం లెక్కలు రాసేవారికే తెలుసు. సూక్ష్మ రుణ సంస్థల వసూళ్ల బాధ పడలేక 2010 అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసివచ్చింది. అప్పుల ఊబిలో దిగిన ఆ స్త్రీలలో ఎంతోమంది సంతకం వచ్చినవారే.

దివ్యఖుర్ఆన్‌లోని అతి దీర్ఘమైన ఆయతు ఏ విషయం గురించినదో మన జుమా ఖుత్బాలలో తరచుగా వినిపించాలి. సూరె బఖరాలోని 282వ ఆయతు అప్పు లావాదేవీని రాసుకోవడం గురించినది. రాసేవాడు న్యాయంగా రాయాలని, సాక్షులు ఉండాలని, చిన్నదైనా పెద్దదైనా రాయడంలో అలసత్వం కూడదని అందులో ఆదేశం ఉన్నది. అప్పు పత్రానికి ఇంతటి స్థానమిచ్చిన ధర్మాన్ని అనుసరించే సముదాయం, ఆ పత్రాన్ని చదవలేని స్థితిలో ఉండిపోవడం సిగ్గుపడవలసిన సంగతి కాదా?

సగటు చాటున మన తల్లులు

ఈ మాట అన్నప్పుడల్లా కొందరు అధికారులు, మనలోని కొందరు పెద్దలు కూడా ఒక లెక్క చూపుతుంటారు. 2001 జనగణన ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర సగటు అక్షరాస్యత 60.5 శాతం కాగా, ముస్లింల అక్షరాస్యత 68 శాతం. దేశంలో మాత్రం ముస్లింలది 59.1 శాతం, దేశ సగటు 64.8 శాతం. కనుక మన రాష్ట్రంలో ముస్లింలకు ఈ సమస్య లేదని వారి వాదన.

లెక్క నిజమే. అయితే అది ఎవరి లెక్క? ఉమ్మడి రాష్ట్రంలో ముస్లిం జనాభాలో పెద్ద భాగం హైదరాబాదులోను, పట్టణాలలోను ఉన్నది. పట్టణవాసికి బడి దగ్గర. నగరంలోని యువకుని చదువును, పత్తి చేలో కూలికి పోయే యాభై ఏళ్ల స్త్రీ చదువును కలిపి సగటు తీస్తే నిజం మరుగున పడుతుంది. 2006 నవంబరులో సచార్ కమిటీ నివేదిక వచ్చిన తరువాత మన వెనుకబాటు దేశమంతటా చర్చకు వచ్చింది. ఆ చర్చ బడి పిల్లల గురించి, కళాశాల సీట్ల గురించి, ఉద్యోగాల గురించి సాగింది. 2007లో వచ్చిన నాలుగు శాతం రిజర్వేషన్ కూడా చదువుకొన్నవారికే అక్కరకు వచ్చింది. బడి వయసు దాటిపోయిన తల్లి ఈ చర్చలో ఎక్కడా లేదు.

అందుకే మా మొదటి కోరిక లెక్క గురించినది. 2011 జనగణన తరువాత ఇప్పటివరకు కొత్త లెక్కలు లేవు. 2027 మార్చి 1 ప్రాతిపదికగా జరిగే జనగణనలో అయినా మండలాల వారీగా, మతాల వారీగా, వయసుల వారీగా అక్షరాస్యతను ప్రచురించాలి. రోగం ఏ ఇంట్లో ఉన్నదో తెలియకుండా ఊరంతటికీ ఒకే మందు పంచడం వైద్యం కాదు.

కొందరికి ఇప్పటికే వచ్చిన చదువు

జనగణన నిర్వచనం ప్రకారం ఏదైనా ఒక భాషలో అర్థం తెలిసి చదవడం, రాయడం రెండూ వచ్చిన ఏడేళ్లు నిండిన వ్యక్తి అక్షరాస్యుడు. ఈ నిర్వచనం ముందు మన వాడల్లోని ఒక విశేషం నిలబడదు. చిన్ననాట నాజిరా చదువుకొని, నేటికీ ఫజర్ తరువాత ఖుర్ఆన్ పారాయణం చేసే తల్లులు మనలో ఎందరో ఉన్నారు. అరబీ అక్షరాలు వారికి వచ్చు. అక్షరం పదం మొదట ఒకలా, మధ్యలో ఒకలా, చివర ఒకలా మారడం వారికి వచ్చు. జబర్, జేర్, పేష్ గుర్తులు చూసి ధ్వనిని పలకడం వచ్చు. అర్థం తెలియదు, రాయడం రాదు కనుక లెక్కలో వారు నిరక్షరాస్యులు.

చదవడంలోని కష్టమైన మెట్టును వారు ఏనాడో ఎక్కారు. గుర్తుకు, ధ్వనికి సంబంధం ఉన్నదని వారికి ఒకరు చెప్పనక్కరలేదు. జబర్, జేర్, పేష్ తెలిసిన తల్లికి తలకట్టు, గుడి, కొమ్ము నేర్పడం కష్టం కాదు. ఇంత పెట్టుబడి చేతిలో ఉండగా, వాచకం మొదటి పేజీలో ఆమెను ఏమీ తెలియని శిశువులా కూర్చోబెట్టడం అవివేకం. ఆమెకు తన చదువు మీద గౌరవం ఉన్నది. ఆ గౌరవం నుంచే పాఠం మొదలుపెట్టాలి.

ఏ లిపి ముందు అన్న వాదం కూడా మనలో ఉన్నది. ఉర్దూ మన ఇళ్లలో చాలామందికి మాతృభాష. 2022లో రాష్ట్ర శాసనసభ దానిని రాష్ట్రమంతటా రెండవ అధికార భాషగా చేసింది. ఉర్దూ వాచకాలు ప్రభుత్వం నుంచి అడిగి తీసుకోవలసిన హక్కు మనకున్నది. అయితే దూదేకుల, నూర్‌బాషా కుటుంబాల ఇంటి భాష తెలుగే. మిల్లులు వచ్చి దూదేకే వృత్తి పోయిన తరువాత ఎక్కడ పని దొరికితే అక్కడ చేరిన కుటుంబాలు అవి. వారికి ఉర్దూ వాచకం పరాయిదే అవుతుంది. పైగా ప్రోనోటు, పట్టాదారు పుస్తకం, రేషన్ కార్డు, మందు సీసా మీది హెచ్చరిక మన ప్రాంతంలో తెలుగులో ఉంటాయి. కనుక ముందు తెలుగు, వెంటనే ఇష్టమున్నవారికి ఉర్దూ అన్నది మా అభిప్రాయం. కాగితం ఏ భాషలో ఉన్నదో ఆ భాష చదవగలగడం ప్రాణావసరం. ఇది ఉర్దూ మీద ప్రేమ తక్కువై చెప్పే మాట కాదు.

తలకు రెండు వందల ఎనిమిది రూపాయలు

సాక్షర భారత్ లోపాలు ఎన్ని ఉన్నా, అందులో రెండు మంచి సంగతులు ఉండేవి. ఏడు కోట్ల మంది లక్ష్యంలో ఆరు కోట్ల మంది స్త్రీలని, ఒక కోటీ ఇరవై లక్షల మంది ముస్లింలని విడిగా రాశారు. గ్రామంలో కేంద్రం నడిపే ప్రేరక్‌కు నెలకు 2,000 రూపాయల గౌరవ వేతనం ఉండేది. అది చాలీచాలని మొత్తమే. ఆ మాత్రం కూడా 2018తో పోయింది.

ఇప్పటి కార్యక్రమానికి 2022 నుంచి 2027 వరకు కేటాయించిన మొత్తం 1,037.90 కోట్ల రూపాయలు. లక్ష్యం ఐదు కోట్ల మంది. భాగించి చూస్తే ఒక్కొక్కరికి సుమారు 208 రూపాయలు. ఒక మనిషికి చదవడం, రాయడం, లెక్క నేర్పడానికి ప్రభుత్వం పెట్టదలచినది ఈ రోజుల్లో ఒక కూలీ దినవేతనం కంటే తక్కువ! బోధించేవారికి వేతనం లేదు; స్వచ్ఛంద సేవే ఆధారం. చివర 150 మార్కుల పరీక్ష: చదవడానికి 50, రాయడానికి 50, లెక్కకు 50. మార్గదర్శకాలలో మైనారిటీలను ప్రాధాన్య వర్గాలలో చేర్చారు. కాగితం మీద చేర్చినంత మాత్రాన పగలంతా మిర్చి కల్లంలో తాలుకాయలు ఏరి వచ్చిన స్త్రీ దగ్గరకు చదువు నడిచి రాదు. ఆమె వాడలో, ఆమెకు వీలైన గంటలో, ఆమె నమ్మే స్త్రీ ఒకరు కూర్చొని నేర్పాలి. ఆ స్త్రీకి జీతం ఇవ్వాలి. ఇంకొకరి శ్రమను ఉచితంగా వాడుకొని చదువు చెప్పిస్తామనే ప్రభుత్వం, ఏ ఇంజనీరునూ ఉచితంగా వంతెన కట్టమని అడగదు గదా!

మనలోని అభ్యంతరాలు

ప్రభుత్వాన్ని విమర్శించి ఊరుకొంటే మన బాధ్యత తీరదు. మన పెద్దలే మూడు అభ్యంతరాలు చెబుతుంటారు.

మొదటిది: “ఉన్న కాస్త సొమ్ము పిల్లల చదువుకు పెడదాం, పెద్దవాళ్లకు ఇంకెందుకు?” పిల్లల చదువును నిలబెట్టేది తల్లే. బడి నుంచి వచ్చిన చీటీ చదవలేని తల్లి పిల్లవాని చదువు ఎక్కడ ఆగిందో పదో తరగతి తప్పిన తరువాత తెలుసుకొంటున్నది. పత్తి తీతల కాలంలో పిల్లను బడి మాన్పించి చేలోకి తీసుకుపోయే ఇల్లు ఏదో, ఆ ఇంటి తల్లికి చదువు వచ్చునో రాదో ఒకసారి లెక్క చూడండి. అదీగాక, ఈ రోజు అప్పు చేస్తున్నది, పంట అమ్ముతున్నది, పురుగుమందు కలుపుతున్నది పెద్దలే. ఆ మందు డబ్బా మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ త్రికోణాలు ఉంటాయి. ఎరుపు అత్యంత విషపూరితం. ఈ సంగతి పిల్లలు పెద్దయ్యేదాకా ఆగదు.

రెండవది: “ఇప్పుడు ఫోనే చదివి వినిపిస్తున్నది గదా!” ఫోను ఉన్న మాటను చదువుతుంది. రాయకుండా వదిలిన ఖాళీని చదవదు. కాటా చీటీలో తూకం తగ్గించి వేశారని చెప్పదు. ఓటీపీ చెప్పమని అడిగినవాడు ఎవడో చెప్పదు. చదువురానివాని చేతిలో ఫోను మరొకని చేతికి తాళం చెవి అందించినట్లవుతున్నది.

మూడవది: “స్త్రీలు రాత్రిపూట బయటికి రావడం బాగుండదు.” అయితే పగలు నేర్పుదాం. జొహర్ తరువాత ఏదో ఒక ఇంటి వసారాలో పదిమంది కూర్చుంటే అడ్డు చెప్పేదెవరు? షిఫా బిన్తె అబ్దుల్లా (ర) అనే సహాబియా హజ్రత్ హఫ్సా (ర)కు రాయడం నేర్పిన సంగతి హదీసు గ్రంథాలలో ఉన్నది. ఒక పెద్ద స్త్రీ మరొక స్త్రీకి, దైవప్రవక్త (స) ఇంటిలోనే, అక్షరం నేర్పింది. వయోజన విద్యకు ఇంతకంటే గొప్ప ప్రమాణం ఎక్కడ వెతుకుదాం?

పాఠం బ్రతుకులో నుంచి రావాలి

పెద్దలకు చదువు చెప్పి ఫలితం చూడలేమన్న నిరాశ కూడా సరికాదు. నెల్లూరు జిల్లాలోని దూబగుంట స్త్రీలు అక్షరాస్యతా తరగతులలో తమ బ్రతుకులకు దగ్గరైన పాఠం చదివి, 1992లో సారాయి మీద తిరగబడ్డారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరులో సారాయి నిషేధం తెచ్చింది. కేరళ సంపూర్ణ అక్షరాస్యత సాధించిందని 1991 ఏప్రిల్ 18న కోళిక్కోడ్‌లో ప్రకటించినది ఒక మంత్రి కాదు. సాక్షరతా తరగతులలో అక్షరాలు నేర్చుకొన్న మలప్పురం జిల్లా ముస్లిం మహిళ చేలక్కోడన్ ఆయిషా. మనకు మరింత దగ్గరలో, 1918లోనే వేటపాలెంలో సారస్వత నికేతనం గ్రంథాలయం వెలసింది. 1929లో గాంధీజీ దాని భవనానికి శంకుస్థాపన చేశారు. ఊరివారు పూనుకొంటే చదువు నిలుస్తుందనడానికి మన బాపట్ల జిల్లాలోనే సాక్ష్యం ఉన్నది.

కనుక మన తరగతులలో పాఠ్యపుస్తకం కాగితాలే కావాలి. రేషన్ కార్డు, ఆధార్, బ్యాంకు పుస్తకం, ప్రామిసరీ నోటు, నికాహ్‌నామా, పింఛను పత్రం, కాటా చీటీ, మాత్రల అట్ట, పురుగుమందు డబ్బా, ఓటర్ల జాబితా. ఈ పది చదవగలిగిన స్త్రీని ఏ పరీక్షా నిరక్షరాస్యురాలు అనలేదు. ఇందులో చివరిదానిని తేలికగా తీసుకోవద్దు. మన పేర్లలో ‘షేక్’ ఒకచోట ఇంటిపేరు, మరొకచోట పేరులో భాగం. ఒక కార్డులో ‘బీ’ ఉంటుంది, మరొక కార్డులో ‘బేగం’ ఉంటుంది. 2019 ఆగస్టు 31న అస్సాంలో పౌరుల జాబితా నుంచి 19 లక్షలకు పైగా మనుషులు బయట మిగిలారు. 2025లో బీహారులో ఓటర్ల జాబితా ప్రత్యేక సమగ్ర సవరణ మొదలై, ఇతర రాష్ట్రాలకూ విస్తరించింది. తన పేరు రెండు కాగితాల్లో రెండు రకాలుగా ఉన్నదని తానే చదివి గుర్తించగలిగిన తల్లి సకాలంలో దిద్దించుకొంటుంది. చదవలేనివారికి ఆ తప్పు నోటీసు వచ్చిన రోజునే తెలుస్తుంది.

ఏది ముందు?

మా ప్రాధాన్యాలు ఇవి. ముప్పై నుంచి అరవై ఏళ్ల మధ్య స్త్రీలు ముందు. వారి తరువాత కౌలు రైతులు, గ్రానైట్ ఫ్యాక్టరీలలో, నూలు మిల్లులలో పనిచేసే యువకులు. తరగతుల కాలం బడి క్యాలెండరు ప్రకారం పెట్టరాదు. పత్తి తీతలు, మిర్చి కోతలు ముగిసిన వేసవిలో ఎక్కువ గంటలు, పని ముమ్మరంగా ఉన్న నెలల్లో తక్కువ గంటలు ఉండాలి. రంజాన్ మాసాన్ని దృష్టిలో పెట్టుకోవాలి. ప్రతి మస్జిద్ కమిటీ ఏటా తన ఖర్చులో ఒక భాగాన్ని బోధించే స్త్రీ వేతనానికి కేటాయించాలి. మినార్‌కు రంగులు ఒక ఏడాది ఆగితే కొంప మునగదు. జకాత్ సొమ్ము ఇందుకు వాడవచ్చునా అన్నది ఆలిములు తేల్చవలసిన విషయం. సదఖాకు, చందాలకు ఆ ప్రశ్న లేదు.

ప్రభుత్వాన్ని అడగవలసినవి వేరు. బోధకులకు వేతనం, తెలుగు వాచకంతో పాటు ఉర్దూ వాచకం, స్త్రీలకు వాడలోనే పరీక్షా కేంద్రం, మండలాల వారీ లెక్కలు. ఈ నాలుగింటిపై ప్రతి ఊరి నుంచి జిల్లా కలెక్టరుకు వినతిపత్రం వెళ్లాలి. ఆ వినతిపత్రంపై సంతకం చేసే ప్రతి ఒక్కరికీ ముందుగా దానిని చదివి వినిపించాలి. చదవగలిగినవారి చేత చదివించాలి.

దైవవాణి తొలి పదం ‘ఇఖ్రా’. చదువు అన్నది అందులోని మొదటి ఆదేశం. ఆ ఆదేశానికి వయసు పరిమితి లేదు; అది అందుకొన్న నాటికి దైవప్రవక్త (స) వయసు నలభై. మన తల్లులకు ఆ ఆదేశాన్ని అందించవలసిన బాధ్యత మనది. ఈ వేసవిలో ప్రతి వాడలో ఒక్క వసారా, ఒక్క బోధకురాలు, పదిమంది స్త్రీలతోనైనా మొదలుపెడదాం. అల్లాహ్ మనకు ఆ శక్తిని ప్రసాదించుగాక. ఆమీన్.